డేట్ నొప్పికి మాత్రా, హిప్నాటిజమా: నా నోట్‌బుక్ లెక్క



పోడు పట్టాలు, జీవో 3, గ్రూప్స్ మెటీరియల్, మేడారం బస్సులు, ఇక్కడ అన్నీ రాసుకుంటాం. ఈ విషయం మాత్రం ఎవరూ రాయలేదు. నేను మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశా. మా గూడెం వాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు, మా బాబాయి కొడుకు కూడా ఉన్నాడు. చదివితే చదవనీ. ఇది నెలసరి నొప్పి గురించి. మన హాస్టళ్లలో డేట్ నొప్పి అంటాం. అన్నలూ, ఆడపిల్లల ముచ్చట మనకెందుకు అని పైకి జరిపేయకండి. మీ చెల్లెళ్లు కూడా ఏదో ఒక హాస్టల్లోనే ఉన్నారు.

పోయిన సెమిస్టర్ కెమిస్ట్రీ పరీక్ష రోజు. పదింటికి పేపర్ ఇచ్చారు. పదీ ఇరవైకి నాకు మొదలైంది. పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పట్టుకుని పిండుతున్నట్టు. కాసేపటికి నడుములోకి, అక్కణ్ణుంచి తొడల్లోకి దిగింది. మాత్ర బ్యాగులో ఉంది. బ్యాగు హాలు బయట గోడ పక్కన ఉంది. పొద్దున వేసుకోవచ్చు, కావాలనే వేసుకోలేదు. అంతకు ముందు రెండు నెలలు మాత్ర లేకుండా కళ్లు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకుని నెట్టుకొచ్చా. మూడో నెల కూడా అట్లాగే గెలుస్తా అనుకున్నా. పదకొండున్నరకి వాంతి వచ్చేలా ఉంటే లేచి బయటికి పరిగెత్తా. మళ్లీ లోపలికి పోలేదు. రెండు ప్రశ్నలు రాసిన పేపర్‌తో బ్యాక్‌లాగ్ పడింది.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. మాది కరకగూడెం వైపు, వాగు దాటి పోవాలి. అమ్మానాన్న ఎండాకాలం తునికాకుకు పోతారు, మిర్చి కోతలప్పుడు కూలికి పోతారు. నా చదువు గురించి వాళ్లు అడిగేది ఒక్కటే, "అన్నీ పాసయ్యావా?" అని. ఈసారి ఎందుకు తప్పావంటే నాన్నకు ఏం చెప్పాలి? "చదవలేదు" అన్నా. అబద్ధం చెప్పడమే తేలికనిపించింది. ఆ అబద్ధం చెప్పిన రాత్రి నుంచి ఈ నొప్పి సంగతేంటో తేల్చుకోవాలని పట్టుకున్నా.

మొదటి నుంచి చెప్తా.

నేను పెద్దమనిషినైన ఏడాది, ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడు నొప్పి వస్తే మా నాయనమ్మ చాప వేసి పడుకోబెట్టేది. ఆముదపు ఆకుకు నూనె రాసి, పొయ్యి మీద వెచ్చచేసి పొట్ట మీద పరిచేది. దాని మీద చెయ్యి పెట్టి కోయలో మెల్లగా మాట్లాడేది. అది మంత్రమేం కాదు. "ఇప్పుడు మనం ఇప్పచెట్టు దగ్గరికి వచ్చినం. ఇప్పుడు వాగులో దిగినం. నీళ్లు చల్లగున్నయి, మోకాళ్ల దాకా వచ్చినయి. అవతలి గట్టు కనపడుతుంది చూడు" అని ఇట్లా. నేను అవతలి గట్టు చేరేలోపే నిద్రపోయేదాన్ని. తర్వాత ఆశ్రమ పాఠశాల. అక్కడ చాప ఉంది, నాయనమ్మ లేదు. నొప్పి అని చెప్తే "ఆడపిల్ల అన్నాక ఓర్చుకోవాలి" అన్నవాళ్లు ఉన్నారు, నాటకం అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరని చెప్పను. నేను కూడా ఇంటర్‌కి వచ్చేసరికి నాయనమ్మ చేసిందంతా పాతకాలపు పిచ్చి అని నవ్వేదాన్ని. సైన్స్ స్టూడెంట్‌ని కదా.

డిగ్రీకి మణుగూరు హాస్టల్‌కి వచ్చాక రూమ్మేట్ మొదటిసారి ఒక మాత్ర చేతిలో పెట్టింది. గంటంబావులో నొప్పి సగానికి దిగింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు, కోపంతో. ఐదేళ్ల నుంచి ఇది షాపుల్లో దొరుకుతుందా? రెండు రూపాయలో, ఐదు రూపాయలో పెడితే పోయే నొప్పికి నేను తొమ్మిదో తరగతిలో గోడకు తల కొట్టుకున్నానా?

ఆ మాత్ర ఎట్లా పనిచేస్తుందో తర్వాత మా జువాలజీ మేడం బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. నెలసరి వచ్చే ముందు గర్భసంచి లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను వదులుతుంది. అవి గర్భసంచి కండరాన్ని బిగిస్తాయి. కండరం మరీ గట్టిగా బిగిస్తే దానిలోని రక్తనాళాలు నొక్కుకుపోతాయి, రక్తం సరిగ్గా అందదు, నొప్పి పుడుతుంది. ఎవరికి అవి ఎక్కువ తయారైతే వాళ్లకు నొప్పి ఎక్కువ. వాంతులు, విరేచనాలు, తలనొప్పి కూడా వీటివల్లే. అంటే మనం "డేట్ రోజు నాకు కడుపు పాడవుతుంది" అనేది నాటకం కాదు. ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్ లాంటి మాత్రలు శరీరం ఆ రసాయనాన్ని తయారు చేయకుండా ఆపుతాయి. ఆస్ప్రిన్ జాతి మందులు ఇట్లా పనిచేస్తాయని 1971లో జాన్ వేన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1982లో ఆయనకు, మరో ఇద్దరికి కలిపి నోబెల్ ఇచ్చారు. మెడికల్ షాపుల్లో ఎక్కువగా ఇచ్చే మెఫ్తాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ 250 మిల్లీగ్రాములు, కండరం పట్టు వదిలించే డైసైక్లోమిన్ 10 మిల్లీగ్రాములు ఉంటాయి. అట్ట వెనక చూడండి, రాసుంటుంది.

ఇది తెలియక నేను చేసిన తప్పు రెండు రకాలు. ఒకటి, నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఆగి అప్పుడు వేసుకునేదాన్ని. అప్పటికే రసాయనం తయారై కూర్చుంటుంది, మాత్ర ఇక తయారు కాబోయేదాన్నే ఆపగలదు. రెండు, ఖాళీ కడుపుతో వేసుకునేదాన్ని. నొప్పి రోజు అన్నం ఎక్కడ దిగుతుంది? ఒకసారి ఖాళీ కడుపుతో ఒక్కరోజే మూడు వేసుకుంటే మర్నాడంతా గుండెల్లో మంట, కడుపులో మంట. ఏం తిన్నా బయటికే వచ్చింది.

అదే సమయంలో, 2023 డిసెంబర్‌లో, ఆ మాత్ర వేసుకుంటే చచ్చిపోతారని మా హాస్టల్ గ్రూపులో ఒక ఫార్వార్డ్ తిరిగింది. ఇద్దరు జూనియర్లు భయపడి అట్టలన్నీ డస్ట్‌బిన్‌లో వేశారు. జరిగింది ఏంటంటే, కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబర్ 30న ఒక హెచ్చరిక ఇచ్చింది. మెఫెనమిక్ యాసిడ్ వాడిన కొందరిలో డ్రెస్ అనే తీవ్రమైన ఎలర్జీ రావచ్చు, కనిపెట్టుకుని ఉండండి అని. ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం, గ్రంథులు వాయడం, లివర్ లాంటి లోపలి అవయవాలు దెబ్బతినడం దాని లక్షణాలు. మాత్ర మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడొచ్చు. అది అరుదు. మాత్రను నిషేధించలేదు. దద్దుర్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలని దానర్థం. కానీ ఫార్వార్డ్‌లకు అర్థాలతో పనేముంది.

అప్పటికి నాకు మాత్రంటే భయం, నొప్పంటే భయం. సరిగ్గా ఆ స్థితిలో హిప్నాటిజం నా ముందుకు వచ్చింది.

కాలేజీలో ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒక రోజు ప్రోగ్రాం పెట్టారు. వచ్చిన కౌన్సిలర్ మేడం హిప్నాసిస్ నేర్చుకున్నావిడ. ఆ మాట వినగానే వెనక బెంచీల్లో గోల. మనకు హిప్నాటిజం అంటే టీవీలో చూసిన బి.వి. పట్టాభిరామ్ గారి స్టేజి షోనే కదా. లేదంటే వశీకరణం, చేతబడి. పక్కనున్న అమ్మాయి "నిద్రపుచ్చి మన గుట్టంతా చెప్పిస్తారంట" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అట్లాంటిదేం జరగలేదు. కళ్లు మూసుకోమన్నారు. ఊపిరి మీద మనసు పెట్టమన్నారు. మీకు ఇష్టమైన చోటికి నడుచుకుంటూ వెళ్తున్నారనుకోండి అన్నారు. దారిలో ఏం కనపడుతుంది, కాళ్ల కింద ఏం తగులుతుంది, నీళ్లు చల్లగా ఉన్నాయా అని ఒక్కొక్కటే మెల్లగా అడిగారు. తర్వాత అరచెయ్యి వెచ్చగా అవుతోంది, ఆ వెచ్చదనం ఎక్కడ పెడితే అక్కడ పట్టు వదులుతోంది అన్నారు.

నేను కళ్లు మూసుకునే ఏడ్చేశా. అది నాయనమ్మ వాగు.

ప్రోగ్రాం అయ్యాక మేడం దగ్గరికి పోయి డేట్ నొప్పికి ఇది పనికొస్తుందా అని అడిగా. పనికొస్తుంది, కానీ ముందు డాక్టర్‌కి చూపించుకో, నొప్పి ఎందుకొస్తుందో తెలియకుండా దాన్ని అణచకూడదు అన్నారు. మొదటి సగం మాత్రమే నా చెవికెక్కింది. ఆవిడ మాటలు రూమ్మేట్ ఫోన్‌లో రికార్డు చేసింది, ఇరవై నిమిషాలు. అది పెట్టుకుని నేను మాత్ర మానేశా. అట్లా రెండు నెలలు, మూడో నెల కెమిస్ట్రీ హాలు.

బ్యాక్‌లాగ్ పడ్డాక కోపం హిప్నాటిజం మీదికి మళ్లింది. ఇదంతా మోసం అని రుజువు చేద్దామని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టా. ఇంగ్లిష్‌లో ఉన్నవి, ఒక్కో పేజీకి ఒక్కో రాత్రి పట్టింది. మోసం అని దొరకలేదు. దొరికింది వేరే.

ఇవి రెండూ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధన ఒకటి మన దేశంలోనే జరిగింది, 2014లో అచ్చయింది. నెలసరి నొప్పి ఉన్న యాభై మంది నర్సింగ్ విద్యార్థినులను తీసుకుని ఇరవై ఐదు మందికి హిప్నాసిస్, ఇరవై ఐదు మందికి మందులు ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి, రెండింటి ఫలితం దగ్గరదగ్గరగానే ఉంది. సారాంశం వరకే నేను చదివా, పూర్తి పేపర్‌కి డబ్బులు కట్టాలి. చదవగానే ముందు ఎగిరి గంతేశా. తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఇరవై ఐదు మంది అంటే మా హాస్టల్లో మూడు గదుల వాళ్లు. పైగా నాకు హిప్నాసిస్ జరిగిందా లేదా అన్నది నాకు తెలియకుండా దాచలేరు. తగ్గుతుందని ఆశపడి వచ్చినవాళ్లు తగ్గిందనే చెప్తారు కదా.

మందుల మీద పరిశోధన చాలా పెద్దది. 2015లో కోక్రేన్ అనే సంస్థ 80 పరీక్షలను, దాదాపు 5,800 మంది ఆడవాళ్ల లెక్కలను కలిపి చూసింది. వంద మందికి ఈ జాతి మాత్రలు ఇస్తే 45 నుంచి 53 మందికి నొప్పి బాగా తగ్గుతుందని తేలింది. మాత్రలాగే కనపడే ఉత్తుత్తి బిళ్ల ఇస్తే 18 మందికి తగ్గింది. ఈ లెక్కని నేను నోట్‌బుక్‌లో పెద్దగా రాసి పెట్టుకున్నా. ఇందులో నాకు రెండు కనపడ్డాయి. మాత్ర ఉత్తుత్తి బిళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువ మందికి పనిచేసింది, అందులో అనుమానం లేదు. కానీ మందే లేని బిళ్లతో పద్దెనిమిది మందికి ఎట్లా తగ్గింది? వాళ్ల నొప్పి అబద్ధమా? కాదు. నమ్మకం, ఎవరో పట్టించుకున్నారన్న ధైర్యం కూడా ఒంట్లో ఏదో చేస్తాయి. ఇంకోటి, మాత్ర వేసుకున్నా సగం మందికి బాగా తగ్గలేదు. ఆ సగం మందిని మనం ఏం చేస్తున్నాం?

నన్ను బాగా ఆపేసింది 1997లో కెనడాలో పియేర్ రేన్విల్ అనే ఆయన, తోటివాళ్లు చేసిన ప్రయోగం. మనుషుల చెయ్యిని నొప్పి పుట్టేంత వేడినీళ్లలో పెట్టించారు. హిప్నాసిస్‌లో కొన్నిసార్లు ఇది అంతగా బాధ పెట్టదు అని చెప్పారు, కొన్నిసార్లు ఎక్కువ బాధ పెడుతుంది అని చెప్పారు. ఆ సమయంలో మెదడును ఫొటో తీశారు. నీళ్ల వేడి ఒకటే. వేడి ఎంత, ఎక్కడ అని గుర్తించే మెదడు భాగం పెద్దగా మారలేదు. అది ఎంత దుర్భరంగా ఉందో పట్టించుకునే భాగంలో మార్పు వచ్చింది. దీనికి ఇంగ్లిష్‌లో పొడుగాటి మాటలు వాడారు. మనకు తెలుగులో రెండు మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఒకటి నొప్పి, ఒకటి బాధ.

హిప్నాటిజం గెలిచిందా, మందు గెలిచిందా అని చూస్తే చరిత్రలో ఒకసారి మన దేశంలోనే పోటీ జరిగింది. 1845లో బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే స్కాట్లాండ్ డాక్టర్ ఉండేవాడు. మత్తుమందు ఇంకా రాని కాలం. ఆయన మెస్మరిజంతో, అంటే హిప్నాటిజానికి తాత లాంటి పద్ధతితో, మనుషుల్ని మైమరపించి కణితులు కోశాడు. మొదట చేసింది ఒక ఖైదీ మీద. 1846లో కలకత్తాలో ఇందుకోసమే ఒక చిన్న ఆస్పత్రి ఇచ్చారు. అదే ఏడాది అమెరికాలో ఈథర్, మర్నాడు ఏడాది క్లోరోఫాం వచ్చాయి. ముక్కు దగ్గర గుడ్డ పెడితే నిమిషాల్లో ఎవరైనా పడిపోతారు, గంటలకొద్దీ కూర్చుని మైమరపించక్కర్లేదు. మెస్మరిజం మూలకు పోయింది. నాకు ఆ కథలో కొట్టొచ్చినట్టు కనపడింది ఇంకోటి. ఆయన కత్తి పెట్టింది ఖైదీల మీద, బీదవాళ్ల మీద. వాళ్లను ఎవరైనా అడిగారా? కొత్త వైద్యం ఏదైనా ముందు మనలాంటోళ్ల మీదే చూస్తారు, పనికొచ్చేది మాత్రం మన దాకా చివర్న వస్తుంది.

సరే, నా లెక్కకు వస్తా. బ్యాక్‌లాగ్ తర్వాత నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీశా. ఒక గడిలో నొప్పి, ఒక గడిలో బాధ. పదికి ఎన్ని మార్కులో గంట గంటకూ వేశా. ముందు నెలలవి గుర్తున్నంత వరకు పైన రాశా.

మాత్ర ఆలస్యంగా వేసుకున్న నెలల్లో నొప్పి ఎనిమిది నుంచి ఐదుకి దిగేది, రెండు గంటలు పట్టేది. రికార్డింగ్ ఒక్కటే పెట్టుకున్న రెండు నెలల్లో నొప్పి ఎనిమిది నుంచి ఏడు. అంతే. కానీ బాధ ఎనిమిది నుంచి నాలుగు. హాస్టల్లో, మంచం మీద, లైటు ఆపుకుని ఉంటే నాలుగు. పరీక్ష హాల్లో, గోడ మీద గడియారం, పక్కన స్క్వాడ్ చెప్పుల చప్పుడు, అక్కడ వాగూ రాలేదు గట్టూ రాలేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే కెమిస్ట్రీ పోయేది కాదు.

తర్వాతి మూడు నెలలు అన్నీ కలిపా. డేట్ వస్తున్న సూచన తెలియగానే రెండు ముద్దలన్నా తిని మాత్ర. నీళ్ల బాటిల్‌లో వేడినీళ్లు పోసి టవల్ చుట్టి పొట్ట మీద. హాట్ వాటర్ బ్యాగు కొనే డబ్బు లేకపోతే ఇదే. స్టీలు బాటిల్ అయితే మేలు, కాలకుండా చూసుకోండి. దీన్ని చిన్నచూపు చూడకండి. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో పొట్ట మీద ఆగకుండా పెట్టిన వెచ్చదనం ఇబుప్రోఫెన్‌తో సమానంగా పనిచేసింది. నాయనమ్మ ఆముదపు ఆకు చేసిందీ ఆ పనే. చివరగా రికార్డింగ్. నొప్పి మూడు, బాధ రెండు. ఒక నెల మాత్రం ఐదు దాకా పోయింది, ఎందుకో తెలియదు. ఇది ఒక్కరి లెక్క, మీకూ ఇట్లాగే వస్తుందని చెప్పను.

ఇక మేడం చెప్పిన రెండో సగం. ఎట్టకేలకు పెద్దాసుపత్రికి పోయా. పోయే ముందు వారం రోజులు సిగ్గుతో చచ్చిపోయా. తీరా చూస్తే డాక్టర్ మేడం ఐదు నిమిషాల్లో అన్నీ అడిగేశారు. స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు. మాత్ర తిన్నాకే వేసుకోవాలి, రోజుకు మూడు దాటకూడదు, రెండు మూడు రోజులు మించకూడదు అన్నారు. కడుపులో పుండ్లు, ఉబ్బసం, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అడగకుండా అసలే వేసుకోవద్దన్నారు. మూడు నెలలు సరిగ్గా వాడినా తగ్గకపోతే, నెలనెలా నొప్పి పెరుగుతుంటే, డేట్ లేని రోజుల్లో కూడా వస్తుంటే మళ్లీ రమ్మన్నారు. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉంటుందట, దానికి వేరే వైద్యం. దాని మీద రికార్డింగ్ పెట్టుకుని ఓర్చుకుంటూ కూర్చుంటే ఏళ్లు పోతాయి.

రక్తం కూడా తీశారు. నాకు రక్తం తక్కువ. ఆశ్చర్యం లేదు, 2019–21 సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత అని తేలింది. ఇంకో పరీక్ష సికిల్ సెల్. మన ఏజెన్సీలో ఇది ఉంది, మీ అందరికీ తెలుసు. 2023 జులైలో కేంద్రం దీని మీద మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేస్తామని. సికిల్ సెల్ జబ్బు ఉన్న అమ్మాయిలకు కొందరిలో డేట్ రోజుల్లోనే ఆ జబ్బు నొప్పి కూడా ఎగదన్నుతుంది. కాళ్లు, చేతులు, వీపు, ఛాతీ ఎముకల్లో నొప్పి, జ్వరం ఉంటే అది డేట్ నొప్పి అని పడుకోబెట్టకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. నాకు లేదని వచ్చింది. మీరు చేయించుకోకపోతే చేయించుకోండి. ఆ కార్డు దాచుకోండి.

హిప్నాటిజం పేరుతో డబ్బు గుంజేవాళ్ల సంగతి కూడా ఒక మాట. ఒక్క సిట్టింగ్‌కి వేలు అడిగేవాళ్లు, మందులన్నీ మానేయమనేవాళ్లు ఫోన్‌లో చాలామంది కనపడ్డారు. ఒంటరిగా గదిలోకి రమ్మనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. కౌన్సిలర్ మేడం మాకు నేర్పిందానికి పైసా తీసుకోలేదు.

నాకు అన్నిటికంటే భయం వేసేది వేరే ఉంది. మనసుతో నొప్పి తగ్గుతుందని నేను ఇట్లా రాస్తే, రేపు ఎవరో ఒకరు దీన్నే పట్టుకుని "చూశావా, అంతా నీ మనసులోనే ఉంది, మాత్ర ఎందుకు, కళ్లు మూసుకో" అంటారు. ఓర్చుకోమనడానికి ఇదొక కొత్త మాట దొరికినట్టవుతుంది. రసాయనం గర్భసంచిలో ఉంది. కళ్లు మూసుకుంటే అది పోదు. మాత్ర చేతిలో పెట్టాక, అన్నం పెట్టాక, డాక్టర్‌కి చూపించాక అప్పుడు చెప్పండి కళ్లు మూసుకోమని.

పోయిన నెల మా చెల్లి ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతి, ఆశ్రమ పాఠశాల. రాత్రి తొమ్మిదిన్నర. "అక్కా, నొప్పి" అని మాత్రమే అంది. మాత్ర అడిగావా అంటే అల్మారా తాళం ఉన్నావిడ ఇంటికి పోయిందంది. ఏమన్నా తిన్నావా అంటే లేదంది. పక్కమ్మాయితో చెప్పి బిస్కెట్ తెప్పించి తినిపించా, బాటిల్‌లో వేడినీళ్లు పోయించా. ఇంకేం చేయాలో తెలియక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పడుకోమని, కోయలో మొదలుపెట్టా. ఇప్పచెట్టు, వాగు, చల్లని నీళ్లు. సగం దారిలో "అక్కా, నాయనమ్మ లెక్క మాట్లాడుతున్నవ్" అని నవ్వింది. కాసేపటికి పలకడం మానేసింది. నిద్రపోయిందో ఏడుస్తుందో తెలియక బ్యాలెన్స్ అయిపోయేదాకా మాట్లాడుతూనే ఉన్నా. పొద్దున నాన్నకి ఫోన్ చేసి చెల్లి విషయం చెప్పా, కెమిస్ట్రీ ఎందుకు పోయిందో కూడా చెప్పా. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ మాత్ర పేరు రాసి పంపు, పిల్లకు ఇచ్చొస్త" అన్నాడు. మేడంని అడిగి, పిల్ల వయసు, బరువు చెప్పి రాయించి పంపా.

బ్యాక్‌లాగ్ పరీక్ష వచ్చే నెల. క్యాలెండర్‌లో లెక్కేస్తే మళ్లీ అదే వారంలో పడుతోంది. ఈసారి మాత్ర బ్యాగులో పెట్టను, టిఫిన్ తిని వేసుకునే పోతా.

అక్కలూ, చెల్లెళ్లూ, మీ హాస్టల్లో రాత్రి తొమ్మిది దాటాక నొప్పి వస్తే మాత్రల అల్మారా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కింద రాయండి. హాస్టల్ పేరు వద్దు, మండలం చాలు. పేరు బయటపడుతుందనుకుంటే నాకు విడిగా పెట్టండి. అన్నీ కలిపి ఐటీడీఏలో ఇద్దామని మా రూమ్మేట్, నేను అనుకుంటున్నాం.